మరియమాతకు మొక్కు, దేవునికి బలి: తేడాను దేనితో కొలవాలి?

సైప్రస్ ద్వీపంలోని సలామిస్‌కు బిషప్‌గా ఉన్న ఎపిఫేనియస్ క్రీ.శ. 370లలో, తన దృష్టిలో దారితప్పిన ఎనభై శాఖలను ఖండిస్తూ 'పనారియోన్' అనే పెద్ద గ్రంథం రాశాడు. అందులో 79వ శాఖ కొందరు స్త్రీలది. అరేబియా ప్రాంతంలో వాళ్లు ఏటా ఒకరోజు ఒక పీటను అలంకరించి, దానిమీద గుడ్డ పరిచి, రొట్టె ఉంచి, మరియ పేరిట సమర్పించి, తర్వాత అందరూ పంచుకు తినేవారని ఆయన చెబుతాడు. ఆ చిన్న రొట్టెలను బట్టే వాళ్లకు కొల్లిరిడియన్లు అన్న పేరు వచ్చింది. ఎపిఫేనియస్ మండిపడ్డాడు. మరియను గౌరవించాల్సిందే కానీ, ఆరాధన మాత్రం పిత, పుత్ర, పవిత్రాత్మలకే చెందుతుందని తేల్చేశాడు.

ఈ సాక్ష్యాన్ని ఆచితూచి వాడుకోవాలి. ఎదుటిపక్షం మీద ఎపిఫేనియస్‌కు జాలి లేదు. ఆ స్త్రీలు తమ గురించి చెప్పుకున్న మాట ఒక్కటీ మనదాకా రాలేదు. అసలు అలాంటి శాఖ ఉండేదా అని సందేహించిన చరిత్రకారులూ ఉన్నారు. పైగా ఆయన కోపంలో చాలా భాగం, ఆడవాళ్లు యాజకుల పని చేస్తున్నారన్న దాని మీదే. శాఖ ఉన్నా లేకపోయినా, రాసిన బిషప్ మనసులో ఏముందో తెలుసుకోవడానికి మాత్రం ఈ కథనం గట్టి ఆధారం. మరియకిచ్చే గౌరవం ఎక్కడ ఆగాలన్న ప్రశ్న, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి పదకొండు శతాబ్దాల ముందే క్రైస్తవ సంఘం లోపలే పుట్టింది. గీత గీసినవాడు బిషప్పే. ఆయన దాన్ని మోకరింపు దగ్గరా, పొగడ్త దగ్గరా గీయలేదు. రొట్టె సమర్పణ దగ్గర గీశాడు.

గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, వాళ్ల పక్కవీధిలోనే కతోలికులు ఉన్న తెలుగు ఊళ్లలో ఈ వాదం పుస్తకాల్లో కాదు, బంధువుల మధ్య నడుస్తుంది. మీరు మరియమ్మను పూజిస్తారని ఒకరంటే, లేదు గౌరవిస్తామని ఇంకొకరు అంటారు. నిందించేవారు పూలదండలూ కొవ్వొత్తులూ చూపిస్తారు. సమర్థించుకునేవారు మనసులోని ఉద్దేశాన్ని చూపిస్తారు. కంటికి కనిపించేది దేన్నీ తేల్చదు, తేల్చగలిగే ఉద్దేశం కంటికి కనిపించదు. ఈ రెండింటినీ పక్కన పెట్టి, పత్రాల్లోనూ పీఠం దగ్గరా సరిచూసుకోగలిగిన కొలత ఏదైనా ఉందా అన్నదే ఇక్కడి పరిశీలన. ఉందనీ, అది బలి ఎవరికి సమర్పిస్తున్నారన్నదేననీ నా అభిప్రాయం.

ముందు పారిభాషిక పదాల సంగతి. దేవునికి మాత్రమే చెందే ఆరాధనను లాత్రియా అనీ, పునీతులకిచ్చే గౌరవాన్ని దూలియా అనీ కతోలిక వేదాంతులు విడదీశారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన 'సుమ్మా'లో, మరియ కూడా సృష్టింపబడిన మనిషే కాబట్టి ఆమెకు లాత్రియా చెల్లదనీ, దేవుని తల్లి కాబట్టి తక్కిన పునీతులకన్నా మిన్న అయిన దూలియా చెందుతుందనీ వివరించాడు. దాని పేరు హైపర్‌దూలియా. ఉపదేశ పుస్తకాలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. రెండు పేర్లు పెట్టినంత మాత్రాన రెండు పనులు వేరని రుజువవుతుందా అని విమర్శకుడు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. పేర్ల వెనక పని కూడా వేరని చూపించాలి.

ఆ పని బిషప్ అగస్టీన్ చేశాడు. క్రీ.శ. 400 ప్రాంతంలో మానీ మతస్థుడైన ఫౌస్తుస్, క్రైస్తవులు విగ్రహాలను వదిలి వాటి స్థానంలో వేదసాక్షులను నిలబెట్టుకున్నారని ఎద్దేవా చేశాడు. నేటి ప్రొటెస్టెంట్ ఆరోపణకు ఇది చాలా దగ్గరి పోలిక. అగస్టీన్ జవాబు ఉద్దేశాల గురించి కాదు. వేదసాక్షుల సమాధుల మీద మేము పీఠాలు కడతాం, నిజమే. కానీ ఆ పీఠం ముందు నిలబడి పేతురుకో, పౌలుకో, సిప్రియానుకో ఈ బలి అర్పిస్తున్నామని ఏ బిషప్ అయినా అనగా విన్నారా అన్నది ఆయన ఎదురు ప్రశ్న. అంటే ఎవరైనా వెళ్లి, విని, సరిచూసుకోగలిగిన ఆధారం చూపించాడు. ఆయన మాట్లాడింది వేదసాక్షుల గురించే, మరియ గురించి కాదు. అయినా సూత్రం ఒకటే.

అదే కాలంలో, 393లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో కూడిన సభ, పీఠం దగ్గర చేసే ప్రార్థన ఎప్పుడూ తండ్రికే సాగాలని నియమం చేసింది. పదకొండు శతాబ్దాలకు పైగా గడిచాక, 1562 సెప్టెంబరులో ట్రెంట్ మహాసభ దివ్యబలిపూజ గురించి నిర్ణయాలు చేస్తూ అగస్టీన్ మాటనే దాదాపు మళ్లీ చెప్పింది. పునీతుల గౌరవార్థం పూజలు జరగవచ్చు గానీ, బలి వారికి కాదు, వారికి కిరీటమిచ్చిన దేవునికే అని. లూథర్ వర్గంతో పోరు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కూడా ఆ సభ తన వాదాన్ని పెంచలేదు, పాత గీత మీదే నిలబడింది.

ఇప్పటి పూజ పుస్తకాన్ని ఈ కొలతతో చూడవచ్చు. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ. కతోలికుల క్యాలెండరులో ఆమె పేరిట ఇంతకన్నా పెద్ద పండుగ అరుదు. ఆ రోజు కూడా పూజలో గురువు చదివే ప్రధాన ప్రార్థనలు దేవుణ్ణి సంబోధిస్తాయి, క్రీస్తు ద్వారా అని ముగుస్తాయి. రొట్టెనూ ద్రాక్షారసాన్నీ అర్పించే ఘట్టంలో మరియ పేరు వస్తుంది, కానీ బలి అందుకునే వ్యక్తిగా కాదు. తండ్రి ఎదుట మనతోపాటు నిలబడిన పునీతుల్లో మొదటి పేరుగా వస్తుంది. దీనికి ఎదురు నిలిచే చిన్న ఆధారమూ ఉంది. పూజ మొదట్లో చెప్పే పాపసంకీర్తన ప్రార్థనలో విశ్వాసులు మరియను నేరుగా సంబోధిస్తారు. అయితే అక్కడ ఆమెను కోరేది తమకోసం దేవుణ్ణి ప్రార్థించమనే. అదే వాక్యంలో, అదే మనవిని పక్కన నిలబడ్డ తోటి విశ్వాసులకు కూడా చేస్తారు. పక్కవాణ్ణి ఎవరూ ఆరాధించరు కదా.

బలిని వదిలి భంగిమల జోలికి వెళితే నేల జారుడుగా ఉంటుంది. ప్రకటన గ్రంథం 22వ అధ్యాయంలో యోహాను దేవదూత కాళ్ల ముందు సాగిలపడితే, వద్దు, దేవునికే నమస్కరించమని దూత వారిస్తాడు. విమర్శకులు ఈ ఘట్టం చూపిస్తారు. రాజుల మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో సొలొమోను రాజు తల్లి బత్షెబను చూసి సింహాసనం దిగి, ఆమెకు నమస్కరించి, కుడివైపున ఆసనం వేయిస్తాడు. కతోలికులు దీన్ని చూపిస్తారు. వంగడం అన్న పని ఒకటే, అర్థాలు మాత్రం రెండు. కాబట్టి వంగడాన్ని బట్టి ఎవరు ఎవరిని ఆరాధిస్తున్నారో బైబిలును పట్టుకునే తేల్చలేం.

కతోలిక శ్రీసభ తన నియమాల్లో భంగిమలకు హద్దులు పెట్టే ప్రయత్నం చేసింది. రోమను పూజ గ్రంథం ముందుమాట ప్రకారం, కుడి మోకాలు నేలకు ఆనించి వందనం చేయడం ఆరాధనకు గుర్తు. అది దివ్యసత్ప్రసాదానికీ, పవిత్ర శుక్రవారం నుంచి పాస్కా జాగరణ దాకా సిలువకూ మాత్రమే. మరియ పేరు వినబడినప్పుడు తల వంచితే చాలు. ఇక్కడిదాకా చక్కగానే ఉంది. ధూపం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దివ్యసత్ప్రసాదానికి ధూపపాత్ర మూడుసార్లు ఊపాలి, పునీతుల స్వరూపాలకు రెండుసార్లు. తేడా దొరికిందని సంబరపడబోతే, ఆ మూడుసార్ల జాబితాలోనే గురువుగారూ, గుడిలో కూర్చున్న జనమూ కూడా ఉన్నారు. ఊపులు లెక్కపెట్టి ఆరాధనను కొలవాలనుకునేవారికి ఈ జాబితా మంచి పాఠం.

భారతదేశంలో భంగిమల కొలత ఇంకా పలచబడింది. స్థానిక సంస్కృతికి తగినట్టు పూజలో చేసుకోదగిన పన్నెండు మార్పులను 1969లో రోము ఆమోదించింది. నేలమీద కూర్చోవడం, చెప్పులు విడవడం, హారతి, పంచాంగ ప్రణామం, నూనె దీపాలు అందులో ఉన్నాయి. మోకాలి వందనానికి బదులు చేతులు జోడించి బాగా వంగి నమస్కరించవచ్చన్నది ఆ జాబితాలోని ఒక అంశం. తాతకూ, గురువుకూ, అతిథికీ పెట్టే నమస్కారమే దివ్యసత్ప్రసాదానికీ చేరింది. ఇలాంటి చోట, ఎవరో మరియ స్వరూపం ముందు దండం పెట్టారు కాబట్టి ఆరాధించారు అనడం, కాళ్లకు మొక్కిన కొత్త పెళ్లికూతురు అత్తగారిని దేవతగా ఆరాధించిందనడం లాంటిదే.

ప్రార్థనల పాఠాలు భంగిమలకన్నా మెరుగైన సాక్షులు, కానీ అవీ ఒకే మాట చెప్పవు. 1587లో పోపు ఐదవ సిక్స్టస్ ఆమోదించిన లొరెటో ప్రార్థనమాలను తీసుకోండి. త్రిత్వాన్ని పిలిచినప్పుడు జనం కరుణించమంటారు. మరియను పిలిచినప్పుడు మాకోసం వేడుకోమంటారు. బిరుదు ఎంత పెద్దదైనా, మనవి మారదు. ఒకే ప్రార్థనలో రెండు రకాల మనవులు విడివిడిగా ఉండటం మంచి ఆధారం. జపమాలలో తిరిగి తిరిగి చెప్పే మంగళవార్త జపం కూడా ఇదే పద్ధతిలో ముగుస్తుంది. దాని మొదటి సగం లూకా సువార్త 1వ అధ్యాయం లోనిది, వేడుకోలు ఉన్న రెండో సగం ఇప్పటి రూపంలో 1568 నాటి రోమను ప్రార్థన గ్రంథంతో స్థిరపడింది.

అయితే మాంచెస్టర్ నగరంలోని జాన్ రైలండ్స్ గ్రంథాలయంలో ఒక చిన్న పపైరస్ ముక్క ఉంది, సంఖ్య 470. 1938లో ప్రచురించారు. దేవుని తల్లిని ఆశ్రయించి, అపాయం నుంచి విడిపించమని నేరుగా ఆమెనే కోరే గ్రీకు ప్రార్థన అది. దాని వయసు మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మూడో శతాబ్దం అన్నవారున్నారు, నాలుగు అన్నవారున్నారు, ఇంకా ఎంతో తర్వాతిది అన్నవారూ ఉన్నారు. అందుకని మరియభక్తి మూడో శతాబ్దానికే ఉందనడానికి దీన్నొక్కదాన్నే పట్టుకోవడం తొందరపాటు. 431లో ఎఫెసు మహాసభ ఆమెను దేవుని తల్లి అనడాన్ని సమర్థించింది గానీ, ఆ తగవు మరియ స్థాయి గురించి కాదు. ఆమె కన్న బిడ్డ ఎవరన్నదాని గురించి. ఏమైనా పపైరస్‌లోని మనవి లొరెటో మాల అంత జాగ్రత్తగా లేదు. మధ్యయుగాల 'సాల్వే రెజీనా' కీర్తన మరియను తమ ఆశగా పిలవడంలోనూ ఆ జాగ్రత్త కనిపించదు. వేడుకోమనడమా, కాపాడమనడమా? కష్టంలో ఉన్నవాడు ఆ తేడా పట్టించుకోడు. పాఠాన్ని మాత్రమే చూస్తే విమర్శకుడికి ఇక్కడ పట్టు దొరుకుతుందని ఒప్పుకోవాలి.

ఇంతకన్నా బలమైన పట్టు మరొకటుంది. చాలాకాలం పునీత బొనవెంతూరాకు అంటగట్టిన, నిజానికి ఆయనది కాదని పండితులు భావించే మధ్యయుగపు రచన ఒకటి, 150 కీర్తనలనూ ప్రభువు ఉన్నచోట మరియను పెట్టి తిరగరాసింది. దీన్ని ఏ నిర్వచనంతోనూ సులువుగా సమర్థించలేం. 1531లో లూథర్ సహచరుడు మెలాంక్తన్ తాను రాసిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన సమర్థనలో, మరియ సంఘం కోసం ప్రార్థిస్తుందని ఒప్పుకుంటూనే, జనం దృష్టిలో ఆమె క్రీస్తు స్థానాన్నే ఆక్రమించిందని ఆరోపించాడు. గమనించండి, ఆయన ఎత్తిచూపింది శ్రీసభ సిద్ధాంతాన్ని కాదు, జనం నమ్మకాన్ని. ఆ తేడాను నేటి వాదులు తరచూ మరిచిపోతారు. 1866లో జాన్ హెన్రీ న్యూమన్ ఆంగ్లికన్ మిత్రుడు ప్యూసీకి రాసిన బహిరంగ లేఖలో, మరియ గురించి కొందరు భక్తి రచయితలు చేసిన వాక్యాలను జాబితాగా తీసుకుని, తన విశ్వాసానికి వాటితో సంబంధం లేదని తెగేసి చెప్పాడు. కతోలికుడిగా మారిన ఇరవై ఏళ్ల తర్వాత రాసిన మాట అది. అతిశయోక్తి ఉందన్న సంగతి బయటివారి కల్పన కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్షి దొరకడు.

అధికారిక శ్రీసభ కూడా ఆ అతిశయం గురించి కలవరపడిన దాఖలాలున్నాయి. రెండవ వాటికన్ మహాసభలో, మరియ గురించి విడిగా ఒక పత్రం తేవాలా, శ్రీసభ గురించిన పత్రంలోనే ఒక అధ్యాయంగా కలపాలా అన్న ప్రశ్న మీద 1963 అక్టోబరు 29న ఓటింగు జరిగింది. కలపాలని 1114 మంది, వద్దని 1074 మంది. నలభై ఓట్ల తేడా. ఆ మహాసభలో ఇంత హోరాహోరీగా సాగిన ఓటింగు మరొకటి చెప్పడం కష్టం. ఫలితంగా 1964 నవంబరు 21న వెలువడిన 'లూమెన్ జెన్సియుమ్'లో ఎనిమిదో అధ్యాయం మరియది. ఆమెకిచ్చే గౌరవం త్రిత్వానికిచ్చే ఆరాధనకు మౌలికంగా వేరని ఆ అధ్యాయం చెబుతుంది. అతిశయోక్తినీ, సంకుచితత్వాన్నీ రెండింటినీ మానుకోమని వేదాంతులను హెచ్చరిస్తుంది. సభ చేర్చని 'శ్రీసభకు తల్లి' అన్న బిరుదును అదే రోజు పోపు ఆరవ పౌలు తన ప్రసంగంలో స్వయంగా ప్రకటించడం మరో విశేషం. అంటే లోపలి లాగులాట అక్కడితో ముగియలేదు. మరియను సహ విమోచకురాలిగా ప్రకటించాలని దశాబ్దాలుగా కొందరు కోరుతూ వస్తే, ఆ బిరుదు వాడటం ఎప్పుడూ తగదని వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం 2025 నవంబరు 4న పత్రం విడుదల చేసింది. పోపు పద్నాలుగవ లియో దాన్ని ఆమోదించారు.

బలి అనే ఈ కొలతను మన నేల మీదికి తెస్తే ఏమవుతుంది? విజయవాడ గుణదల కొండ మీద 1924లో ఇటలీ మిషనరీ ఫాదర్ ఆర్లాటి మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్‌కు దర్శనమైన ఫిబ్రవరి 11వ తేదీని పట్టుకుని, ఏటా 9, 10, 11 తేదీల్లో ఇక్కడ ఉత్సవాలు జరుగుతాయి. లక్షల్లో జనం వస్తారు, వాళ్లలో హిందువులూ ఎందరో. కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, తలనీలాలు ఇస్తారు. తిరుమలకో, యాదగిరిగుట్టకో మొక్కినట్టే మరియమ్మకు మొక్కుకున్నామంటారు.

ఆ మొక్కు దగ్గర ఆగాలి, ఎందుకంటే కతోలిక సిద్ధాంతానికి అసలైన ఇబ్బంది కొబ్బరికాయ కన్నా మొక్కులోనే ఉంది. 1983 నాటి శ్రీసభ చట్టం 1191వ అధికరణం మొక్కుబడిని నిర్వచిస్తూ, అది దేవునికి చేసే వాగ్దానం అంటుంది. మొక్కుకోవడం లాత్రియాకే చెందిన పని అని అక్వినాస్ కూడా అన్నాడు. మరి మరియకు మొక్కుకుంటే? అక్వినాస్‌కు ఈ చిక్కు తెలుసు. పునీతునికి మాట ఇవ్వవచ్చు, మనిషికి మాట ఇచ్చినట్టే; ఆ మాట నిలబెట్టుకుంటానని దేవునికి చేసే వాగ్దానమే మొక్కు అవుతుందని ఆయన విడదీశాడు. తర్కం పదునుగానే ఉంది. కాకపోతే బిడ్డకు జ్వరం తగ్గితే గుండు చేయిస్తానని రాత్రివేళ అనుకున్న తల్లి మనసులో ఆ రెండు అంతస్తులు ఉంటాయని నేను అనుకోను. ఆ తల్లిని పట్టుకుని ఆమె విగ్రహారాధకురాలని తీర్పు చెప్పడానికీ ఇది చాలదు. ఆమె ఏం నమ్ముతోందో ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

కొబ్బరికాయ సంగతి వేరు. పైపైన చూస్తే అది ఎపిఫేనియస్ చెప్పిన రొట్టెకు దగ్గరి చుట్టమే: తినే వస్తువు, మరియ పేరిట సమర్పణ, తర్వాత ఇంటికి తీసుకెళ్లడం. తేడా ఎక్కడంటే, కొల్లిరిడియన్ల రొట్టె పూజ స్థానంలోకి వచ్చింది, యాజకత్వంతో సహా. గుణదలలో కొబ్బరికాయ పూజ పక్కన ఉంది. పీఠం మీదికి ఎక్కదు. ఉత్సవం రోజున బిషప్పులూ గురువులూ నిలబడి చేసేది దివ్యబలిపూజ, అది దేవునికే. కానీ పక్కన ఉన్నది నెమ్మదిగా మధ్యలోకి జరిగే ప్రమాదం లేదని చెప్పలేం. దేవాలయంలో స్వరూపాలు మితంగా, తగిన వరుసలో ఉండాలనీ, విశ్వాసులు తికమకపడి దారితప్పిన భక్తికి పోకుండా చూడాలనీ అదే చట్టం 1188వ అధికరణం చెప్పేది ఈ ప్రమాదాన్ని ఎరిగే.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే, కతోలికులు మరియను ఆరాధిస్తారన్న సాధారణ ఆరోపణ నిలవదు. నాలుగో శతాబ్దం నుంచి నేటిదాకా పీఠం మీద బలి దేవునికి తప్ప మరొకరికి వెళ్లిన దాఖలా అధికారిక ఆచారంలో లేదు. అలా వెళ్లిందని విన్నచోట బిషప్పే దాన్ని ఖండించాడు. కానీ భక్తిగీతాల్లో, మొక్కుల్లో, కొన్ని పుస్తకాల్లో ఆ గీత చెరిగిపోయిన సందర్భాలు నిజం. వాటిని ప్రొటెస్టెంట్ కల్పన అని కొట్టిపారేసే కతోలికుడు న్యూమన్‌ను చదవలేదు. ఆ బాధ్యత విచారణ గురువులదీ, ఉపదేశకులదీ. మీకు స్వయంగా సరిచూసుకోవాలనిపిస్తే, ఫిబ్రవరిలో గుణదల వెళ్లినప్పుడు కొండమీది స్వరూపం దగ్గరే ఆగిపోకండి. కింద పూజ జరిగే పీఠం దగ్గర కాసేపు నిలబడి, గురువు చదివే ఒక్కొక్క ప్రార్థన ఎవరి పేరుతో మొదలవుతోందో వినండి.